రెక్కలొచ్చేదాకా పేరు చెప్పకూడదని

గొంగళిపురుగుకు రెక్కలొచ్చేదాకా దాని పేరు పైకి చెప్పకూడదని నేనొక నియమం పెట్టుకున్నాను. తెనాలిలో పెట్టుకున్నాను, రేపల్లెలో పాటించాను, బాపట్లలో వదిలేశాను. ఇదంతా జరగడానికి పన్నెండు పదమూడేళ్లు పట్టింది.

మా ఆయన రైల్వేలో గూడ్సు క్లర్కు. పెళ్లయిన కొత్తలో, అరవైల మొదట్లో, మా కాపురం తెనాలిలో. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. క్వార్టర్సు నుంచి గ్రంథాలయానికి పది నిమిషాల నడక. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వెళ్లేదాన్ని. అక్కడి లైబ్రేరియన్ గారు మొదట్లో నన్ను చూడగానే, "ఆడవాళ్లు చదివే పుస్తకాలు ఆ బీరువాలో ఉన్నాయమ్మా" అని చెయ్యి చూపించేవారు. ఏడాదిన్నరలో ఆ బీరువా అయిపోయింది. తర్వాత కింది అరలో ఉన్న ఇంగ్లీషు విజ్ఞాన సంపుటాలు కావాలన్నాను. "అవి ఇంటికివ్వమండి. పైగా ఇంగ్లీషు" అన్నారు. "ఇక్కడే చదువుకుంటానండి. నిఘంటువు కూడా ఇప్పించండి" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని తాళంచెవి తీశారు. ఆ రోజు నేను ఇంటికి కాస్త నెమ్మదిగా, నిటారుగా నడిచి వచ్చినట్టు గుర్తు. మొదటి సంపుటం చదవడానికి ఆరు నెలలు పట్టింది. మూడోదానికి ఆరు వారాలే.

పురుగుల మీదికి ఎందుకు మళ్లానంటే, మా నిమ్మమొక్క మీద దొరికిన ఒక ఆకుపచ్చ పురుగు సీతాకోకచిలుక అయింది. పుస్తకం తీసి చూస్తే అలాంటిదే బొమ్మ ఉంది. నేను చూసింది ఎవరో ముందే చూసి రాశారన్న సంగతి నాకు చాలా బాగా అనిపించింది. అయితే సీతాకోకచిలుకలకు పేజీలు పేజీలు కేటాయించిన ఆ పుస్తకంలో, రాత్రిపూట తిరిగే చిమ్మటలకు ఉన్నవి నాలుగు పేజీలు. వాటి పిల్ల పురుగులకు ఒక్క పేరా. చెట్ల మీద చూస్తే లెక్క తలకిందులు. పది పురుగులు దొరికితే ఎనిమిది చిమ్మటలవే. పుస్తకంలో తక్కువగానూ చెట్టు మీద ఎక్కువగానూ ఉన్నవాటి వెంట పడితే నాకంటూ ఏదైనా మిగులుతుందనుకున్నాను.

పక్కింటావిడ ఆముదం చెట్టు సంగతి అప్పుడే జరిగింది. చెట్టు నిండా బూడిదరంగు పురుగులు, నడుము పైకెత్తి వంచి నడిచేవి. ఆముదపాకు తినే పట్టుపురుగు ఒకటుందని నేను అంతకు నెల ముందే చదివాను. చూడగానే, "పిన్నిగారూ, ఇవి పట్టుపురుగులు. కొట్టకండి" అన్నాను. ఆవిడ నమ్మింది. గంపలో పెట్టి, రెండు వారాలు ఆకు కోసి వేసింది. గంపలోంచి మట్టిరంగు చిమ్మటలు లేచి ఎగిరిపోయాయి. ఆముదం చెట్టు ఈనెలతో నిలబడింది. అవి రైతులు దాసరి పురుగులనేవి, మామూలు తెగులు పురుగులు.

"పట్టుచీర ఎప్పుడు నేస్తావమ్మాయ్? అంచు మటుకు పెద్దది పెట్టు" అని ఆవిడ మేము తెనాలిలో ఉన్నన్నాళ్లూ అడుగుతూనే ఉంది, పంపు దగ్గర పదిమందిలో.

నియమం అక్కడ పుట్టింది. పురుగు దొరికితే ముందు ఏ ఆకు తింటుందో రాసుకోవాలి. కాళ్లు లెక్కపెట్టాలి. నూగుందా, కొమ్ముందా, రెట్ట గుండ్రంగా ఉందా పలకలుగా ఉందా చూడాలి. గాజులో పెట్టి పెంచాలి. రెక్కలొచ్చాక పుస్తకంతో పోల్చాలి. అప్పుడు నోరు విప్పాలి. ఆ వరసలో ఒక్క మెట్టు కూడా దాటకూడదు.

తర్వాత మా ఆయనకు రేపల్లె బదిలీ అయింది. తెనాలి నుంచి వెళ్లే బండికి అది ఆఖరి స్టేషను. రైలు పాసు ఉండేది కాబట్టి నెలకు రెండుసార్లు పొద్దుటి బండికి తెనాలి వెళ్లి, గ్రంథాలయంలో కూర్చుని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. పెంచడానికి గాజు సామాను కూడా స్టేషనులోనే దొరికింది. దీపాల గదిలో పనిచేసే సాయిబుగారు పై అంచు విరిగిన లాంతరు చిమ్నీలు పక్కన పడేసేవారు. వాటిని మట్టి పోసిన మూకుడులో నిలబెట్టి, పైన పల్చటి గుడ్డ కడితే గాలి ఆడుతుంది, పురుగు పోదు. మొదటిసారి అడిగినప్పుడు ఆయన, "ఇందులో ఏం వెలిగిస్తావు తల్లీ?" అన్నారు.

"పురుగుల్ని పెంచుతానండి."

"దీపం కోసం పురుగు చిమ్నీ దగ్గరికొస్తుందని తెలుసుగానీ, పురుగుకే చిమ్నీ ఇవ్వడం ఇదే చూడటం" అని నాలుగు ఏరి ఇచ్చారు.

మా అత్తయ్య రేపల్లెలోనే మా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఒక నోము బాకీ ఉంది. మా ఆయనకు చిన్నప్పుడు సన్నిపాత జ్వరం వచ్చి ఇరవై రోజులు మాట పడిపోయిందట. బిడ్డ దక్కితే శివుడికి లక్ష నందివర్ధనాలు పోస్తానని మొక్కుకుంది. అద్దె ఇళ్లలో సొంత చెట్లు లేక అలా వాయిదా పడుతూ వచ్చింది. రేపల్లె క్వార్టరు గోడ వెంట అంతకుముందున్నవాళ్లు వేసిన నందివర్ధనాలు అయిదు ఉన్నాయి. వాటిని చూసిన మర్నాడే ఆమె నోము పట్టింది.

దాని కట్టుబాట్లు గట్టివి. తన చేత్తో నీళ్లు పోసిన చెట్టు పువ్వే పొయ్యాలి. కొన్నదీ, అడిగి తెచ్చిందీ పనికిరాదు. రోజుకు ఎన్నయినా ఫరవాలేదుగానీ ఒక్క రోజు కూడా పువ్వు లేకుండా పోకూడదు. పోతే పోసినవన్నీ పోయినట్టే, మళ్లీ ఒకటి నుంచి మొదలు. నోము తీరేదాకా ఆమె ప్రాణిని చంపకూడదు. వంటింట్లో బొద్దింకను చేటలోకి ఎత్తి వీధిలో వదిలి వచ్చేది. నూరు పువ్వులైనప్పుడల్లా ఒక చింతపిక్క డబ్బాలో వేసేది. నేను చెప్పబోయే కార్తీకానికి డబ్బాలో ఎనిమిది వందల నలభై పైచిలుకు పిక్కలున్నాయి. ఇంకో ఆరు నెలలు చెట్లు పూస్తే తీరిపోతుంది. ఆమెకు అరవై దాటాయి. ఇంకోసారి మొదలుపెట్టే వయసు కాదని ఆమే అంటూ ఉండేది.

దీపావళికి ముందు వారం, చెట్ల కింద మిరియాల లాంటి నల్లటి గుళ్లు కనబడ్డాయి. ఎలుకలేమో అంది అత్తయ్య. వంగి ఒకటి తీసి చూశాను. ఆరు పలకలుగా, నొక్కి అచ్చు పోసినట్టుంది. ఎలుకది కాదు. తలెత్తి చూస్తే లేత కొమ్మలు బోడిగా ఉన్నాయి. పురుగు వెంటనే కనపడలేదు, ఆకు రంగులో ఆకుగా ఉంది. కొమ్మ కదిపితే మెడ వంచి తల లోపలికి లాక్కుంది. మెడ మీద రెండు కళ్లు తెరుచుకున్నాయి. నీలంగా, మధ్యలో తెల్లగా, చుట్టూ నల్లటి అంచుతో. నిజం కళ్లు కావు, మచ్చలు. తోక దగ్గర చిన్న కొమ్ము. అయిదు చెట్ల మీదా లెక్కపెడితే ముప్పై నాలుగు. చాలావరకు ఇంకా బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దవి. నాలుగైదు మాత్రం చిటికెన వేలంత ఎదిగాయి.

మా ఆయన టిఫిన్ తింటూ వచ్చి చూశారు. "గూడ్సు షెడ్డులో తెల్లపొడి ఉంది. సాయంత్రం తెచ్చి చల్లేస్తాను" అన్నారు.

"నోము మీద ఉన్నాను రా" అంది అత్తయ్య.

"నువ్వు చంపొద్దులే. నోము నీది, నాది కాదుగా."

అత్తయ్య ఆ కళ్ల పురుగు దగ్గరికి వెళ్లింది. కాసేపు చూసింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుని చేతులు జోడించింది. "ఒరేయ్, పురుగంటావేంట్రా? పడగ చూడు, ఆ కళ్లు చూడు. నాగుల చవితి ముందు ఇంటికొచ్చాడు నాగేంద్రుడు. పొడి గిడి అన్నావంటే నేనీ ఇంట్లో మెతుకు ముట్టను."

మా ఆయన ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని నా వంక చూశారు. పుస్తకాలు చదివే మనిషిని గదా, ఏదైనా అంటానని. నేను పురుగు కాళ్లు లెక్కపెట్టడంలో పడ్డాను. "సరే, మీ ఇద్దరూ ఆ చెట్టూ ఏమైనా చేసుకోండి" అని డ్యూటీకి వెళ్లిపోయారు.

మూడు పురుగుల్ని చిమ్నీల్లో పెట్టాను. ఒకదాన్ని చూసి బొమ్మ గీసుకుని, మూడో రోజు తెనాలి వెళ్లాను. తోక మీద కొమ్మున్నవాటిని డేగ పేరుతో పిలిచే చిమ్మట జాతిలో వేస్తారని నాకు ముందే తెలుసు. ఉన్న సంపుటాలన్నీ తిరగేస్తే ఆ జాతిలో మెడ మీద నీలం కళ్లున్నది ఒక్కటే కనబడింది. దాని తిండి ఒలియాండర్ అనే మొక్క అని రాసి ఉంది. నిఘంటువు తీస్తే గన్నేరు. ఇంగ్లీషు పుస్తకం కాబట్టి నందివర్ధనం మాట అందులో లేదు. కానీ గన్నేరు ఆకు తుంచినా పాలు కారతాయి, నందివర్ధనం ఆకు తుంచినా పాలు కారతాయి. రెండూ ఒక కుదురు మొక్కలే అయ్యుండాలని అక్కడే బల్ల దగ్గర కూర్చుని అనుకున్నాను. తర్వాత చూస్తే అదీ నిజమే. ఎవరూ చెప్పకుండా నేనే తేల్చిన సంగతి అది. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని పుస్తకంలోంచి రాసుకున్న కాగితం ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను.

అంటే మూడో రోజు సాయంత్రానికే నాకు రెండు సంగతులు తెలుసు. ఇది చిమ్మట. ఇది గన్నేరు తింటుంది. గన్నేరు పొదలు మా స్టేషను ప్లాట్‌ఫారం చివర వరసగా ఉన్నాయి. నాగేంద్రుణ్ణి చంపనక్కర్లేదు, చేటలోకెత్తి అక్కడ వదిలితే చాలు, నోముకు భంగం రాదు. ఈ మాట చెప్పడానికి నిమిషం పట్టదు.

చెప్పలేదు. రెక్కలు రాలేదు కదా. బొమ్మ మీద ఆధారపడి ఒకసారి నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఈసారి చిమ్నీలోంచి ఆకుపచ్చ చిమ్మట బయటికొచ్చాక, రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి మరీ చూపిద్దామనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అంతకుముందు రెండుసార్లు నేను పెంచిన పురుగుల్లోంచి చిమ్మట బదులు చిన్న ఈగలు వచ్చాయి. లోపల గుడ్లు పెట్టి తినేసే ఈగలవి. చిమ్నీలోవి అలా పోతే మళ్లీ పెంచడానికి చెట్టు మీదవి ఉండాలి. అప్పుడు దీన్ని జాగ్రత్త అనుకున్నాను.

అత్తయ్య రోజూ తెల్లారగట్ల పూలు కోసేది. నేను వంటింటి గుమ్మంలోంచి చూసేదాన్ని. మొదట్లో నూటపది, నూటపదిహేను. దీపావళినాటికి తొంభై. తర్వాత అరవై. పురుగులు ఆకులతో ఆగలేదు, మొగ్గలు కూడా తిన్నాయి. నేను నోటు పుస్తకంలో రోజుకు రెండు అంకెలు రాసేదాన్ని, పురుగు పొడవు, పూల సంఖ్య. అత్తయ్య పూలసజ్జ పట్టుకుని ఇంట్లోకొస్తూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది. "ఇవ్వాళ నలభై రెండేనమ్మాయ్" అనేది. "ఊఁ" అనేదాన్ని. ఆమె లోపలికి పోయేది.

నాగుల చవితినాడు అందరితోబాటు పట్టాలవతల పుట్ట దగ్గరికి వెళ్లి పాలు పోసి, చిమ్మిలి పెట్టి వచ్చింది. ఇంట్లో వెలసిన నాగేంద్రుడి చెట్టు మొదట్లో చుక్క పాలు కూడా పొయ్యలేదు. పురుగు కాళ్లు లెక్కపెట్టి రాసుకునే నేను దీన్ని రాసుకోలేదు.

పంతొమ్మిది పూలు వచ్చిన రోజు నాకు భయం వేసింది. పురుగులు అప్పటికి వేలంత లావయ్యాయి. మధ్య మూడు చెట్లకు ఆకన్నది లేదు. నియమాన్ని దాటకుండానే ఒక దారి వెతుక్కున్నాను. "అత్తయ్యా, నాగేంద్రుణ్ణి స్టేషను దగ్గర గన్నేరు మీదికి మారిస్తే? ఆయనకూ తిండి, మన చెట్టుకూ ఊపిరి" అన్నాను.

ఆమె ఎందుకు, ఎలా అని అడగలేదు. మాట పూర్తయ్యేలోపు చేట తెచ్చింది. ఒక్కొక్క కొమ్మా వంచి నేను దులుపుతుంటే, కింద చేట పట్టుకుని నిలబడింది. ఇరవై తొమ్మిది దొరికాయి. ఇద్దరం ప్లాట్‌ఫారం మీదుగా మోసుకెళ్లాం. పట్టాలు మార్చే పాయింట్సుమాన్ భార్య ఎదురొచ్చి, "ఏంటి పిన్నిగారూ, వడియాలా?" అంది. "నాగుపాములు" అంది అత్తయ్య. ఆవిడ పట్టాల మీదికి దిగిపోయింది. ఆ వారంలో మేము నవ్వింది అప్పుడొక్కసారే.

పురుగులు గన్నేరు తినలేదు. రెండు పూటలు పొదల చుట్టూ తిరిగాను. ఆకు అంచు కొరికి వదిలేసినవి ఉన్నాయి, అసలు నోరు పెట్టనివి ఉన్నాయి. కొమ్మలు దిగి కంకర మీద పాకుతుంటే గోరింకలు ఏరుకున్నాయి. కొన్ని ఆకుపచ్చ పోయి కాలిన ఇటుక రంగుకు తిరిగాయి. చస్తున్నాయనుకున్నాను. చావడం కాదు, ఎదుగుదల నిండినవి భూమిలోకి దిగే ముందు అలా రంగు మారతాయి. చిమ్నీలోవీ అలాగే మారి, మూకుడులోని ఎండుటాకుల కింద దూరాయి. అది చూశాక నాకు అర్థమైంది.

చెట్లకు చివర్లు చిగిర్చాయి. కానీ చిగురు పువ్వు కాదు. మిగిలిన మొగ్గలు రోజుకు పదకొండు, ఏడు, నాలుగు చొప్పున అయిపోయాయి. ఒకనాడు ఒక్కటే పూసింది. అత్తయ్య దాన్ని రెండు చేతులా పోసింది. మర్నాడు తెల్లవారుజామున సజ్జతో వెళ్లి, అయిదు చెట్లూ రెండుసార్లు తిరిగి, ఖాళీ సజ్జ తెచ్చి గూట్లో బోర్లించింది. మధ్యాహ్నం చింతపిక్కల డబ్బా తీసుకెళ్లి పాయింట్సుమాన్ పిల్లలకు వామనగుంటలు ఆడుకోమని ఇచ్చేసింది. మా ఆయన, "పువ్వులు కొనుక్కొస్తే కుదరదా అమ్మా?" అన్నారు. "కుదిరితే ముప్పై ఏళ్ల కిందే కొనేదాన్ని" అంది. అంతే.

అయిదారు రోజుల తర్వాత చిమ్నీలో చిమ్మట బయటికొచ్చింది. ఆకుపచ్చలో రకరకాల ఆకుపచ్చలు, మధ్యలో గులాబీ చార, పాలరాయి మీద గీతల్లాగా. పుస్తకంలోంచి రాసుకొచ్చిన వర్ణనతో మాటకు మాట సరిపోయింది. పేరు ఖాయమైంది. అనుకున్నంత సంతోషం రాలేదు. చిమ్నీ తీసుకుని పెరటి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య దగ్గర పెట్టాను.

"అత్తయ్యా, మన చెట్టు మీదిది నాగేంద్రుడు కాదు. ఇదిగో, చిమ్మట. నాకు తెనాలి వెళ్లొచ్చిన రోజే తెలుసు."

ఆమె చిమ్నీలోకి చూసింది. "బాగుంది. నాకు మొదటి రోజే తెలుసు" అంది.

నేను చిమ్నీ పక్కనే అరుగు మీద కూర్చున్నాను.

"పాముకి కాళ్లుంటాయా? ఆకులు తినే పామునెక్కడైనా చూశావా? నాకున్నది చత్వారమేగానీ గుడ్డితనం కాదుగా."

"మరి మీరెందుకలా అన్నారు?"

"పురుగంటే మీ ఆయన పొడి చల్లేవాడు. నా నోముకోసం ముప్పై ప్రాణాలు తీస్తే ఆ నోమెందుకు? దేవుడన్నాను, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు." చిక్కుడు ఈనె ఒకటి లాగి పక్కన వేసింది. "నువ్వు బొమ్మ గీసుకుని బండెక్కావు. చంపకుండా వదిలించే ఉపాయమేదో తెస్తావనుకున్నాను. రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నీ మొహం చూసేదాన్ని, చెబుతావేమోనని."

"ఖాయమయ్యేదాకా చెప్పకూడదనుకున్నాను అత్తయ్యా."

"ఎవరికి ఖాయం?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

రెండేళ్లకు బాపట్ల బదిలీ అయింది. రేపల్లె చెట్ల కొమ్మలు తడిగోనెలో చుట్టి తీసుకెళ్లి ఆ ఇసకనేలలో పాతాను. ఆరు బతికాయి. పూత మొదలైన ఏడు, ఒక సోమవారం, "మళ్లీ మొదలుపెట్టండి" అన్నాను. "నేను లక్ష చూస్తానా?" అంది. "పువ్వులు మీవి, చెట్ల కాపలా నాది" అన్నాను. నీళ్లు మాత్రం ఆమె చేత్తోనే పోసేది, చెంబుతో అయినా సరే.

రోజూ ఆమె పూలు కోసేముందు నేను ఆకులు తిరగేసి చూసేదాన్ని. గన్నేరు చిమ్మట ఆకుకొకటి చొప్పున, ఆకు అడుగున, ఆవగింజంత పచ్చటి గుడ్డు పెడుతుంది. పిల్ల బయటికొచ్చిన మర్నాడే తీసి గన్నేరు మీద పెడితే ఆ పురుగు గన్నేరే తిని పెరుగుతుంది. నందివర్ధనం రుచి మరిగి ఎదిగినదాన్ని పెడితే పస్తుంటుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అక్కడ పదే పదే చేసి చూసి రాసుకున్నాను. రేపల్లెలో మూడో రోజు సాయంత్రానికి చాలావరకు ఇంకా బియ్యపుగింజలంతే ఉన్నాయి, అప్పుడే నోరు విప్పి ఉంటే బతికేవి. ఆ మాట కూడా అదే పేజీలో రాశాను.

నియమం వదిలేశాను. ఏ పురుగు కనబడినా అప్పటికి తోచిన పేరు గట్టిగా చెప్పేదాన్ని. సగం తప్పులే. "మొన్న ఇంకోటేదో అన్నావే?" అనేది అత్తయ్య. "మొన్నటిది తప్పండి." "సరే, ఇది తింటుందా తినదా, అది చెప్పు" అనేది.

ఈసారి నాలుగేళ్లు పట్టింది. లక్ష నిండిన పొద్దున ఆమె ఆఖరి పువ్వు పోసి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది. నేను పెరట్లో అలవాటు కొద్దీ ఆకులు తిప్పుతున్నాను. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ఒకటి దొరికింది. దాన్ని గన్నేరు వైపు తీసుకెళ్తుంటే గుమ్మంలోంచి పిలిచింది.

"అమ్మాయ్, ఇంక దాన్నెక్కడికీ మోసుకెళ్లకు. తిననీ."

ఆకును తీసుకెళ్లి నందివర్ధనం కొమ్మకే ఆనించాను. పురుగు కాసేపు కదలకుండా ఉండి, పక్క ఆకు మీదికి ఎక్కింది.